అనుమానం, సార్!

లెక్కల సారు పోయారన్న కబురు నాకు పులివెందులలో, బడిలో, పిల్లలు అన్నం తట్టలు కడుక్కుంటున్న వేళ ఫోన్‌లో వచ్చింది. చెప్పింది మా పాత విద్యార్థిని. ఆ అమ్మాయిని మేమంతా బస్సు పిల్ల అనేవాళ్ళం. ఎందుకో ముందు ముందు చెప్తాను.

"మేడమ్, లెక్కల సార్ లేడు మేడమ్. పొద్దన్నే పోయినాడు."

"ఎవురు చెప్పినారు?" అన్నాను.

"గ్రూపులో కూడా పెట్టినారు మేడమ్."

"గ్రూపులో పెడితే అయిపోతాదా? పోయినసారి డ్రిల్లు సారు పోయినాడని పెట్టలేదా? అందరూ దండం బొమ్మలు పెట్టినాక, సాయంత్రం ఆయప్పే 'నేను బాగుండా' అని మెసేజి పెట్టె. నువ్వు చూసినావా? ఇంటికి ఫోన్ చేసినావా?"

"ప్రొద్దుటూర్లో వాళ్ళింటి ముందరే ఉండా మేడమ్. లోపలికి పోయి చూసి వచ్చినా."

అప్పుడు కూర్చున్నాను. చావు కబురును కూడా నిలదీసిన మనిషిని నేను. మీరేమైనా అనుకోండి, సారు మాత్రం ఏమీ అనుకోరు. ఆయనైతే ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువే వేసేవారు.

నాకు అనుమానం ఎక్కువ. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి తాళం లాగి చూసుకుంటాను. పాలల్లో నీళ్ళని పాలామెతో, తూకంలో తగ్గిందని కూరగాయలామెతో నాకు రోజూ జగడమే. "పోలీసు ఉద్యోగానికి పోవాల్సిన దానివి, దారి తప్పి తెలుగు పండిట్ అయినావు" అని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. చేసుకోనీ. ఇన్ని అనుమానాల్లో దేన్నీ నేను గుండెకు తీసుకోలేదు. ఒక్కటి మాత్రం ఇన్నేళ్ళూ గొంతులో ముల్లయి కూర్చుంది. లెక్కల సారు నన్ను వెన్నుపోటు పొడిచిన మనిషి అనుకుంటూనే ఉన్నారా, లేదా? ఆయన ఉన్నంతకాలం అడగలేకపోయాను. ఆ రోజు పులివెందులలో ప్రొద్దుటూరు బస్సెక్కి, ముద్దనూరు దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. ఇక ఎవరిని అడగాలన్న ఆలోచనే తిరుగుతూ ఉండింది.

అప్పట్లో మేమిద్దరం జమ్మలమడుగు దాపున ఒక హైస్కూల్లో పనిచేసేవాళ్ళం. నాది రాజుపాలెం పక్క పల్లె, ఆయనది ప్రొద్దుటూరు. వాళ్ళ నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆయన చదువంతా దూది పింజల మధ్యనే సాగిందట. మనిషి సన్నం. చొక్కా కుడి జేబులో సుద్దముక్కలు, ఎడమ జేబులో వేయించిన శెనక్కాయలు ఉండేవి. ఒక్కోసారి మాటల్లో పడి సుద్దముక్క నోట్లో పెట్టుకునేవారు కూడా. పిల్లలు నవ్వితే, "యాందుకు నవ్వుతాండారప్పా, సున్నం ఎముకలకు మంచిది" అనేవారు.

బడుల్లో పనిచేసినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే లెక్కల వాళ్ళ కన్ను ముందు డ్రిల్లు పిరియడు మీద పడుతుంది, తర్వాత బొమ్మల పిరియడు మీద, ఆ తర్వాత తెలుగు మీద. "మీదేముంది మేడమ్, తెలుగు పిలకాయలకు ఇంట్లోనే వస్తాది" అంటారు. ఒకటి ఇస్తే రెండు పోతాయి. రెండు పోతే సంక్రాంతి సెలవుల తర్వాత మనం స్టాఫ్ రూములో కూర్చుని కిటికీలోంచి రోడ్డు చూసుకోవాల్సిందే. నా పిరియడ్లు అట్లా ఎన్ని పోయాయో నాకే తెలుసు.

అందుకని లెక్కల సారు వచ్చి, "మేడమ్, శనివారం కడపటి పిరియడు మీదే కదా. నేనొచ్చి కూర్చోవచ్చునా? కందం మీద నాకొక అనుమానం ఉండాది" అన్నప్పుడు నాకు అంతా తెలిసిపోయింది. ఓహో, ఈసారి దొంగ వాకిలి తట్టి మరీ వస్తున్నాడు!

"ఏం అనుమానం సార్?"

"కందంలో గణాలు ఐదేనంట కదా. ఐదే యాందుకు? ఆరు యాందుకు కాగూడదు?"

ఎన్నేళ్ళ నుంచో కందం చెప్తున్నాను. నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు, నాకూ ఎప్పుడూ తట్టలేదు. ఎగతాళికి అడుగుతున్నాడా, లేక పిరియడు కోసం ఎర వేస్తున్నాడా అని ఆయన ముఖంలోకి చూశాను. ముఖంలో ఏమీ లేదు, మీసానికి అంటిన సుద్దపొడి తప్ప.

"రాండి" అన్నాను. "కానీ నేను కూడా క్లాసులోనే ఉంటా."

"మీరు లేకపోతే యాట్లా మేడమ్" అన్నారు.

ఆ జవాబూ నాకు అనుమానంగానే తోచింది. శనివారం ఒక ఇనుప కుర్చీ లాక్కుపోయి, పిల్లలందరి వెనుక, గోడ వారగా వేసుకుని కూర్చున్నాను. నా పిరియడుకు నేనే కాపలా. మా బడి నేలంతా కడప బండలు. ఒకటి లేచి, ఒకటి కుంగి ఉండేవి. కుర్చీ ఊగింది. లేచి జరుపుకున్నాను. మళ్ళీ ఊగింది. "బడికి ఇచ్చే కుర్చీలు కూడా ఇట్లాటివే" అని గట్టిగానే అన్నాను. సారు నల్లబల్ల దగ్గర నుంచి వెనక దాకా నడిచి వచ్చి, జేబులోంచి సుద్దముక్కల పెట్టె తీసి, అట్ట చించి, మడత మీద మడత పెట్టి, కింద కూర్చుని కుర్చీ నాలుగో కాలి కింద దోపారు.

"మూడు కాళ్ళ పీట యాడ ఏసినా ఊగదు మేడమ్" అన్నారు చేతులు దులుపుకుంటూ. "నాలుగో కాలు ఉంటేనే అనుమానం. అందుకే నాలుగు కాళ్ళ దాంట్లో మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకోని కూర్చుంటాడు."

నన్ను అంటున్నాడా, కుర్చీని అంటున్నాడా? ఊపి చూశాను. ఊగలేదు.

ఆ తర్వాత ఆయన పిల్లల ముందు నిలబడి, కుడి చేయి గాల్లోకి లేపి, దూది ఏకే విల్లును కొట్టినట్టు ఆడించారు. "మా నాయన పొద్దంతా ఇట్లా కొడతాంటె. యాట్లా మోగేదో తెల్సా? ఠం టక, ఠం టక, ఠం టక."

"భగణం" అన్నాను నేను వెనక నుంచి. అనాలని అనలేదు, నోరు జారింది. పొడుగు అక్షరం ఒకటి, పొట్టి అక్షరాలు రెండు. అచ్చమైన భగణం.

క్లాసంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. సారు సంబరంగా, "ఇన్నారా? మా నాయన పొద్దంతా భగణాలు ఏకినాడు. ఆయప్పకే తెలీదు" అన్నారు.

గురువూ లఘువూ అంటే పిల్లలకు అప్పటిదాకా ఒక మార్కు ప్రశ్న. పొట్టి అక్షరం లఘువు, దానికి ఒక మాత్ర. పొడుగుది గురువు, దానికి రెండు. పొట్టిదానికి చిటిక, పొడుగుదానికి చప్పట. ఆయన చెప్పింది ఇంతే. కందంలో ప్రతి గణానికీ నాలుగు మాత్రలు. "నాలుగు మాత్రల డబ్బాను ఒకట్లతో, రెండ్లతో ఎన్ని రకాలుగా నింపుతారు? నింపండి" అన్నారు. పిల్లలు చిటికెలూ చప్పట్లూ మొదలుపెట్టారు. ఎంతమంది ఎన్ని రకాలుగా కొట్టినా, ఐదు దాటి ఆరోది రాలేదు. ఆ ఐదూ నేను ఏళ్ళ తరబడి కంఠతా పట్టించిన ఐదు గణాలే.

"ఆరోది మనకు దొరకలేదంటే, లేదని అర్థమా?" అని అడిగారాయన. "యాడన్నా దాక్కోనుంటే?"

అప్పుడు చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. "డబ్బా కడపట్లో ఏముంటాది? పొట్టి అక్షరమన్నా ఉండాల, పొడుగు అక్షరమన్నా ఉండాల. పొట్టిదైతే ముందర మూడు మాత్రలు మిగుల్తాయి. పొడుగుదైతే రెండు. మూడు మాత్రలకు ఎన్ని దార్లుండాయి? మూడు. రెండింటికి? రెండు. కలపండి. ఐదు. ఆరోది యాడ దాక్కుంటాది? దానికి సందు లేదు."

నేనూ వేళ్ళు మడిచి చూసుకున్నాను, సరిపోయింది. అయినా నేను అంత తొందరగా లొంగే రకం కాదు.

"సరే సార్" అన్నాను వెనక నుంచి. "ఐదు రకాలుండాయి. మరి జగణం బేసి చోట్లలో రాకూడదంటారే, దానికి మీ లెక్క ఏం చెప్తాది?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "ఏం చెప్పదు మేడమ్. అది మీ చెవులకు తెల్సిన సంగతి. ఎన్ని దార్లుండాయో నేను చెప్తా. యా దారిలో పోతే బాగుంటాదో మీరే చెప్పాల."

ఆ రోజు ఇంటికి పోతూ బస్సులో ఐదు మాత్రలకు ఎన్ని దారులో వేళ్ళ మీద వేసి చూశాను. మూడూ ఐదూ కలిపి ఎనిమిది రావాలని ఆయన లెక్క. నాకు ఏడే వచ్చాయి. దొరికాడు అనుకున్నాను! దిగేలోపు ఎనిమిదోది దొరికింది.

అట్లా శనివారం శనివారం జరిగింది. ముందు వరసలో లెక్కలు, వెనుక కుర్చీలో తెలుగు. పిరియడు పోతుందన్న భయం మెల్లగా పోయిందిగానీ, నేను కుర్చీ వదల్లేదు. ప్రతి శనివారం కూర్చునే ముందు కుర్చీ ఊపి చూసేదాన్ని. అట్ట జారిపోయి ఉంటే ఆయనే వచ్చి కొత్తది దోపేవారు.

ఆయన క్లాసులో ఒక కట్టుబాటు ఉండేది. అది మా బడి దాటి బయట ఎవరికీ తెలియదు. ప్రతి క్లాసులోనూ నల్లబల్ల మీద ఒక తప్పు కావాలని వేసేవారు. ఎక్కడ వేశారో చెప్పరు. పట్టినవాళ్ళు లేచి, చేయెత్తి, "అనుమానం, సార్!" అనాలి. ఆయన "శభాష్, కూర్చో" అని శెనక్కాయ ఇచ్చేవారు. ఎవరూ పట్టకపోతే గంట కొట్టినా చెరిపేవారు కాదు. "నేను చెప్పినానని నమ్మొద్దండి. బోర్డు మీదుండాదని నమ్మొద్దండి. అనుమానం రానోడికి లెక్క రాదు" అనేవారు. నాలాంటి దానికి ఆ మాట ఎంత ఊరటో మీకు తెలియదు. పుట్టింట్లో, అత్తింట్లో, బడిలో నా అనుమానాన్ని చూసి ముఖం చిట్లించినవాళ్ళే అందరూ. దాన్ని మెచ్చి శెనక్కాయ ఇచ్చిన మనిషి ఈయన ఒక్కరే.

బస్సు పిల్ల సంగతి చెప్తానన్నాను కదా. ముద్దనూరు దారిలో ఒక పల్లె నుంచి వచ్చేది. రోజూ మొదటి పిరియడుకు ఆలస్యమే. ఒకరోజు చెమటలు కక్కుతూ వాకిట్లో నిలబడితే లెక్కల సారు, "ఊరికే చెప్పొద్దు, కందంలో చెప్పు" అన్నారు, నవ్వులాటకే. ఆ పిల్ల శనివారానికి సగం పద్యంతో వచ్చింది.

మా వూరి బస్సు రాదే
నే వచ్చితి నడిచి బడికి నెండన సారూ

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ప్రాస ఉంది, యతి ఉంది, మాత్రలు సరిపోయాయి. "ఎవురు రాసిచ్చినారే?" అన్నాను. పాపం, ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చిటికెలేసుకుంటా రాసినా మేడమ్" అంది. సారు మాత్రం, "మిగిలిన సగం నా బాకీ" అన్నారు. తర్వాతి శనివారం బల్ల మీద రాశారు.

నీ వంక లేదు తప్పూ
రావమ్మ నిదానముగనె రాదా లెక్కా

దాన్ని కూడా అక్షరం అక్షరం పట్టి చూశాను. వంక దొరకలేదు. "మీకెవురు రాసిచ్చినారు సార్?" అంటే ఆయన పగలబడి నవ్వారు. "వారమంతా పరుపు మీద పండుకోని వేళ్ళు లెక్కబెట్టుకుంటాంటే, నాకు జరమొచ్చిందనుకోని మా ఆమె కషాయం తాపిచ్చింది మేడమ్!"

ఇక ఆ శనివారం సంగతి.

అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజు ఆరు మాత్రల దాకా వచ్చారు. బల్ల మీద వరసగా 1, 2, 3, 5, 8 అని రాసి, పక్కన 12 వేశారు. ఐదూ ఎనిమిదీ కలిపితే పదమూడు. ఆ పన్నెండే ఆ రోజు తప్పు. పిల్లలు చిటికెలు వేస్తూ వెతుకుతున్నారు. సారు చేయి ఆడిస్తూ "ఠం టక" అంటున్నారు. అప్పుడే వాకిట్లో హెడ్మాస్టరు, ఆయన వెంట పై ఆఫీసు నుంచి వచ్చిన ఒక అధికారి.

చిటికెలు ఆగిపోయాయి.

"ఇది లెక్కల క్లాసా, భజనా?" అన్నాడు అధికారి.

సారు నమస్కారం పెట్టి ఏదో చెప్పబోయారు. ఆయన వినడం లేదు, బల్ల వైపు చూస్తున్నాడు. చూపు 12 మీద ఆగింది. కనుబొమలు పైకి లేచాయి. పట్టాల్సిన పిల్లలు భయంతో తలలు వంచుకున్నారు. సారు చెరపలేదు. ఎవరైనా పట్టేదాకా చెరపరు, అది ఆయన కట్టుబాటు. ఇది తెలియక చేసిన తప్పు కాదని ఈయనకు ఎట్లా తెలియాలి? మా ఆట చూపిస్తే అర్థమవుతుందనుకున్నాను. లేచి, చేయెత్తి, గట్టిగా అన్నాను.

"అనుమానం, సార్! ఐదూ ఎనిమిదీ పన్నెండు కాదు."

సారు నా వైపు చూశారు. ఎప్పటిలాగే, "శభాష్ మేడమ్, కూర్చోండి" అన్నారు. జేబులోకి చేయి పోయింది గానీ శెనక్కాయ బయటికి రాలేదు.

అధికారి హెడ్మాస్టరు వైపు తిరిగి, "ఏందయ్యా, మీ లెక్కల సారుకు తెలుగు మేడమ్ కూడికలు నేర్పిస్తాందా?" అన్నాడు. ఇది ఆట అని, రోజూ జరిగేదేనని నేను చెప్తూనే ఉన్నాను. ఆయన అప్పటికే వరండాలో నడుస్తున్నాడు.

శనివారం క్లాసు ఆగిపోయింది. సారును ఏడాది మధ్యలో, పదో తరగతి పిల్లల్ని వదిలిపెట్టించి, వల్లూరు మండలంలో ఒక బడికి పంపారు. ఆ అధికారి ఊరికే రాలేదని, మా స్టాఫులోనే ఎవరో చెప్పి రప్పించారని మాట పుట్టింది. ఎవరు? ఇంకెవరు! ముందు నుంచీ పిరియడు ఇవ్వడం ఇష్టం లేనిది ఎవరికి? వెనక కుర్చీ వేసుకుని ప్రతి శనివారం తప్పులు పట్టింది ఎవరు? అధికారి ముందు లేచి నిలబడి వేలెత్తి చూపింది ఎవరు?

"ఎవురు పిలిపిచ్చినారో అందురికీ తెల్సులే మేడమ్" అన్నాడు హెడ్మాస్టరు, కళ్ళు కలపకుండా.

"తెలిస్తే పేరు చెప్పండి సార్! నా మొగం మీద చెప్పండి!" అని అరిచాను. స్టాఫ్ రూములో ఒక్కరూ తలెత్తలేదు. అసలు ఎవరు చెప్పారో నాకొక అనుమానం ఉంది. ఇప్పుడు ఇక్కడ రాయను, ఆ మనిషి ఇది చదువుతుంటాడు.

నాకు లోకంతో పనిలేదు. సారు ఏమనుకున్నారు? అది కావాలి. ఆయన పోయే రోజు స్టాఫ్ రూములోకి వచ్చి అందరికీ చెప్పి, నా దగ్గర ఆగారు.

"మేడమ్, కాపలా మానొద్దండి" అన్నారు.

అంతే. వెళ్ళిపోయారు. ఏంటి దానర్థం? మెచ్చుకున్నారా, దెప్పారా? ప్రతిదానికీ "యాడిది? చూపిచ్చు, నిరూపించు" అనే మనిషి నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదే! నేను చేయలేదని అంత గట్టిగా నమ్మి అడగలేదా, చేశానని అంత గట్టిగా నమ్మి అడగలేదా? రెండింటికీ ఆ మౌనం సరిపోతుంది. అడిగి ఉంటే తల మీద చేయి పెట్టి ఒట్టేసేదాన్ని. అడగనివాళ్ళకు ఏమని చెప్పుకోవడం?

తర్వాత ఆయన రిటైరై ప్రొద్దుటూర్లో కుదురుకున్నారు. నేను బదిలీ మీద పులివెందులకు వచ్చాను. అప్పుడప్పుడూ ఫోన్ చేసేవారు. వానల గురించి, శెనక్కాయ పంట గురించి, పిల్లల గురించి మాట్లాడి, కడపట్లో ఎప్పుడూ, "ఒకసారి ప్రొద్దుటూరికి రాండి మేడమ్. మీకు చూపాల్సింది ఒకటి ఉండాది" అనేవారు.

"ఏంది సార్ అది?"

"నోటితో చెప్తే మీరు నమ్మరులే. వచ్చి చూడాల."

వస్తా సార్, వస్తా సార్ అనేదాన్ని. మనసులో వేరే ఉండేది. ఏం చూపిస్తారు? ఆ అధికారిని రప్పించింది నేనేననడానికి సాక్ష్యమా? ఇంట్లో కూర్చోబెట్టి ఇన్నాళ్ళకు అడుగుతారా? అడగాలని నేనే కోరుకున్నాను, అడుగుతారేమోనని నేనే భయపడ్డాను. అట్లా ఎడబాటు పెరిగింది.

నేను బస్సు దిగి వీధి కనుక్కుని చేరేసరికి మట్టి చేసి వచ్చేశారు. వీధిలో షామియానా కింద మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. బస్సు పిల్ల ఎదురొచ్చి నా చేయి పట్టుకుంది. ఇప్పుడామె కూడా లెక్కల టీచరే. లోపలికి తీసుకుపోయింది. సారు భార్య ఆడవాళ్ళ మధ్య చాప మీద కూర్చుని ఉంది. నేను పక్కన కూలబడ్డాను. ఏడ్చాము. కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని నన్ను పరీక్షగా చూసింది.

"మీరేనా కాపలా మేడమ్?"

"ఆ పేరు సారే పెట్టినారా?"

"ఇంకెవురు పెడతారు. దాచేదేముంది మేడమ్, నేనైతే మిమ్మల్నే అనుకున్యా. అందురూ మీ పేరే చెప్పిరి. ఆమె అంత పని చేస్తే నువ్వు మళ్ళీ ఆమెకే ఫోన్లు చేస్తాండావే, నీకు సిగ్గులేదా అని ఆయన్నే అడిగినా."

"ఏమన్నారు?" అన్నాను.

"నవ్వినాడు. 'ఆమెకు నా మీద అనుమానమొస్తే నా మొగం మీదే అడుగుతాది. చాటున పోయి చెప్పేటోళ్ళకు అనుమానాలుండవు, వాళ్ళకంతా ముందే తెల్సుంటాది. ఆమె నన్ను కాపాడాలనే లేసి నిలబడింది. ఇంత చిన్న లెక్క తెలీదా నీకు' అన్యాడు."

ఎంత మంచి మాట! అయితే నా సంగతి మీకిప్పటికి అర్థమయ్యే ఉంటుంది. చావింట్లో అందరూ మంచి మాటలే చెప్తారు. ఏడుస్తూ వచ్చిన మనిషిని ఓదార్చడానికి ఆ తల్లి కల్పించి చెప్తోందేమో. ఆయన నోటితో నేను వినలేదు కదా.

"మీకు చూపాల, చూపాల అంటాండె. చూసినారా?" అంది ఆమె.

"ఏం చూడాల?"

"వసారాలో మీ కుర్చీ. రిటైరైనాక వీధిలో పిలకాయలకు సాయంత్రం పూట ఊరికే చెప్తాండె. అందురికంటే వెనక ఆ కుర్చీ ఏసి పెట్టేటోడు. దాంట్లో ఎవురినీ కూర్చోనీడు. పిలకాయలెక్కితే, 'లేయండ్రా, కాపలా మేడమ్ వస్తాది' అని లేపేటోడు. కాళ్ళు నొప్పులని నేను కూర్చున్యా ఒప్పుకోలేదు."

వసారాలోకి పోయాను. చాపలు చుట్టి గోడకు ఆనించి ఉన్నాయి. ఎదురుగా గోడకు నల్లబల్ల. వెనక, తలుపు వారగా, ఒక ఇనుప కుర్చీ. కుర్చీ ఎవరింట్లో ఉండదు? వంగి కింద చూశాను. కడప బండలు, ఒకటి లేచి, ఒకటి కుంగి. నాలుగో కాలి కింద సుద్దముక్కల పెట్టె అట్ట, మడత మీద మడత. వేలితో తీయబోయాను, రాలేదు. ఎప్పటి నుంచి ఉందో, నలిగి బండకు అతుక్కుపోయి ఉంది.

అక్కడే నేల మీద కాసేపు కూర్చుండిపోయాను. తర్వాత లేచి, కుర్చీ ఊపి చూశాను. ఊగలేదు. కూర్చున్నాను.

కూర్చున్నాక బల్ల కనబడింది. ఆయన చేతిరాతే. 1, 2, 3, 5, 8, పక్కన 12.

"నిన్న సాయంత్రం రాసినాడంట మేడమ్" అంది బస్సు పిల్ల, స్తంభం పక్కన నిలబడి. "ఎవురూ పట్టలేదంట. రేపు చూసుకోని రాండి అని పంపిచ్చినాడంట."

నేను చేయెత్తాను.

"అనుమానం, సార్!"

గట్టిగానే అన్నట్టున్నాను. వీధిలో షామియానా కింద మాటలు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలయ్యాయి. నేను చేయి దించలేదు. పన్నెండు బల్ల మీద అట్లాగే ఉంది.